పక్కోని మెడ పైలం

వరంగల్ రైల్వే స్టేషన్‌కూ ఖిలాకూ నడుమనున్న పాత వాడల్లో నేను పెరిగిన కాలానికి, అంటే 1970ల చివరినాటికి, కుస్తీ నేర్పే తాలీంలు ఇంకా బతికే ఉన్నాయి. మా వాడ తాలీం బయటినుంచి చూస్తే మామూలు పెంకుటిల్లు. ముందర వేపచెట్టు, పక్కన చేదబావి, లోపల ఒకే ఒక పెద్ద గది, ఆ గదిలో ముప్పాతిక భాగం కుస్తీ పట్టే మట్టి గోదా. గోడకు ఆంజనేయస్వామి పటం, దాని కింద నూనె జిడ్డు పట్టిన దీపపు గూడు, మూలకు జతలు జతలుగా ముద్గరాలు, ఎత్తడానికి రాతి గుండ్లు, ఒక గద. నాగుల పంచమి నాడు ఆ గోదాకు పూజ చేసి కుస్తీలు పట్టేవారు. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు అదే తాలీం పిల్లలు పీర్ల ముందు కర్రసాము ఆడుతూ నడిచేవారు. ఈ రెండింటిలో దేనికీ ఎవరూ ఎవరినీ అనుమతి అడిగినట్టు నాకు గుర్తు లేదు.

తాలీంకు వచ్చేవారిలో చాలామంది ఆజంజాహి మిల్లు కార్మికులో, వారి పిల్లలో అయి ఉండేవారు. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ బట్టల మిల్లు సైరన్‌ను బట్టే మా వాడలో పొయ్యిలు అంటుకునేవి, పిల్లలు బడికి బయలుదేరేవారు. మా ఉస్తాద్ ఆ మిల్లులో మగ్గాల మీద పనిచేసిన మనిషి. రాత్రి షిఫ్టు పడిన రోజుల్లో ఇంటికి పోకుండా నేరుగా తాలీంకే వచ్చేవాడు. ఆయన మీసాలకూ కనుబొమ్మలకూ దూది నూగు అంటుకుని ఉండేది. కుస్తీల్లో నలిగి మడతపడి ముద్దగట్టిన చెవులు, పొట్టి మెడ, ఆశ్చర్యం కలిగించేంత మెల్లని గొంతు. కొత్తవాడ నేతగాళ్లు, ధాన్యం మార్కెట్ హమాలీలు, స్టేషన్ దగ్గర రిక్షా తొక్కేవారు, నా వంటి బడిపిల్లలు, అందరమూ ఆయనకు బిడ్డలమే.

నన్ను తాలీంలో చేర్చింది మా పెద్దనాయన. పహిల్వాన్‌ను చేయాలని కాదు. ఎవరు కసిరినా మాట పడిపోయే పిలగాడిని నలుగురిలో తిప్పితే బాగుపడతాడని ఆయన అనుకున్నాడు. తర్వాతి కాలంలో, కొలువు చేసిన ఊళ్లలోనూ పెళ్లిళ్లలోనూ, నేను కుస్తీ పట్టేవాడినని తెలిసిన ప్రతివారూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని గెలిచినవు? గెలిచినవి తక్కువ. చెప్పుకోదగ్గ పతకం మా ఇంట్లో ఒక్కటీ లేదు. అయినా తాలీం నన్ను మనిషిని చేసిందని నేనంటే వినేవారు మర్యాదకు తలూపుతారు గాని నమ్మరు. అందులో వారి తప్పు లేదు. క్రమశిక్షణ, ధైర్యం, పట్టుదల అనే మాటలు ప్రతి ఆటకూ తగిలించేవే. అవి ఎన్‌సీసీ పరేడ్‌లోనూ దొరుకుతాయి. కుస్తీలో దొరికేది వేరు. అవతలివాడి శరీరాన్ని నీ చేతుల్లోకి తీసుకుని, నీ బలమంతా పెట్టి పడగొట్టి, అది చెడిపోకుండా తిరిగి అతనికి అప్పగించాలి. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, ఒంట్లోకి కొత్తగా బలం వస్తున్న రోజుల్లో, అది నేర్చుకున్నవాడికీ నేర్చుకోనివాడికీ మధ్య తేడా ఎంత ఉంటుందో నేను తర్వాత చాలా చూశాను.

చేరిన కొత్తలో ఎవరినీ కుస్తీ పట్టనిచ్చేవారు కాదు. చేతికి పార ఇచ్చేవారు. గోదాలోని మట్టి రోజూ తొక్కుడు పడి గట్టిపడుతుంది. దాన్ని తెల్లవారకముందే జానెడు లోతు తవ్వి, గడ్డలు చితగ్గొట్టి, చేతులతో తడిమి రాళ్లూ వేర్లూ ఏరి, చివరికి ఒక బరువైన మొద్దుకు తాడు కట్టి అటూ ఇటూ లాగి చదును చేయాలి. చెరువు మట్టినీ ఎర్రమట్టినీ జల్లెడ పట్టి కలిపేవారు. పండుగలకు ముందు అందులో నువ్వుల నూనె, పసుపు, మజ్జిగ, నిమ్మరసం, ఎండబెట్టి దంచిన వేపాకు వేసి మళ్లీ తవ్వేవారు. గీరుకుపోయిన చర్మం చీము పట్టకుండా పసుపూ వేపాకూ, మట్టి పొడిబారి దుమ్ము లేవకుండా నూనే మజ్జిగా అని పెద్దలు చెప్పేవారు. ఆ వాసన గురించి ఎవరైనా కవిత్వం చెప్పబోతే నాకు నవ్వు వస్తుంది, ఎందుకంటే వానాకాలంలో ముక్కిన లంగోటాల వాసన దానికంటే గట్టిగా ఉండేది.

ఆ వానాకాలమంతా నాది పార పనే. అరచేతులు బొబ్బలెక్కి, చితికి, కాయలు కాశాయి. నాతోపాటు చేరిన మరొక పిలగాడు ఒకనాడు విసుగెత్తి, ఒక మూలను తవ్వకుండానే పైన వదులు మట్టి కప్పి సరిపెట్టాడు. ఉస్తాద్ కోప్పడలేదు. నేరుగా ఆ మూలకే పోయి, వంగి, మట్టిలో వేళ్లు పెట్టి వెతికి, చిన్న కంకర రాయిని తీసి వాడి అరచేతిలో పెట్టాడు. “ఇది ఎవని వీపుల గుచ్చుకుంటదో నీకు ఎర్కనా బిడ్డా? ఎర్క లేదు. వాని పేరు గూడ నీకు ఎర్క లేదు. అందుకే తవ్వాలె” అన్నాడు. ఆ మాట వాడికి ఎంత తగిలిందో తెలియదు గాని, పక్కన మొద్దు తాడు పట్టుకుని నిలబడ్డ నాకు బాగా తగిలింది. మనం చేసిన పని మీద మనకు తెలియనివాడు వచ్చి పడతాడనే సంగతి బడిలో నాకు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ల తర్వాత రోడ్లు భవనాల శాఖ గుత్తేదారుల పనులు తనిఖీ చేసే కొలువులో, కంకర పరిచిన తీరు చూసేటప్పుడు, ఆ మాట నా నోట చాలాసార్లు వచ్చేది. గుత్తేదారులకు అది నచ్చేది కాదు.

పార పని తర్వాత దండాలు, బస్కీలు, ముద్గరాలు తిప్పడం. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, చేయడమే. ఆ తర్వాత పడటం. పడగొట్టడం ఇంకా చాలా దూరంలో ఉండేది. గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, ఊపిరి వదులుతూ, వీపు వెడల్పంతా ఒకేసారి నేలకు తగిలేలా పడాలి. భయపడి చెయ్యి చాపి ఆపుకోబోతే మణికట్టో మోచెయ్యో పోతుంది. మెడ కోసం ప్రత్యేకంగా కసరత్తు ఉండేది: వెల్లకిలా పడుకుని, తలా పాదాలూ మాత్రమే నేలకు ఆని ఉండేలా నడుమును పైకెత్తి, ముందుకూ వెనక్కూ ఊగాలి. మొదటి వారాల్లో మెడ పట్టుకుపోయి అన్నం తినేటప్పుడు పళ్లెం వైపు వంగడం కూడా కష్టమయ్యేది. మా అమ్మ తాలీంను తిట్టని పూట లేదు.

పట్లు నేర్పేటప్పుడు ఉస్తాద్ ఏ పట్టునైనా రెండు భాగాలుగా చెప్పేవాడు. అవతలివాడిని లేపడం ఒక భాగం, దించడం రెండో భాగం. ధోబీపాట్‌నే తీసుకుంటే, ప్రత్యర్థి చేతిని మన భుజం మీదికి గట్టిగా లాక్కుని, ఒక్కసారిగా తిరిగి నడుము వంచి, అతన్ని మన వీపు మీదుగా ముందుకు వేయాలి. అక్కడిదాకా ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది: లాగిన చేతిని చివరిదాకా వదలకుండా పట్టుకుంటే అతడు వీపు మీద పడతాడు, గాలిలో ఉండగా వదిలేస్తే తల మీదో మెడ మీదో పడతాడు. పడినవాడి వీపు నేలకు తగిలితే చిత్, కుస్తీ అయిపోయినట్టే. గెలుపు లెక్కకు అతడు ఎలా పడ్డాడన్నదానితో పని లేదు. తాలీం లెక్కకు మాత్రం అదే పని. ఎవరైనా ఎవరినైనా ఎత్తిన ప్రతిసారీ గోదా అంచున కూర్చున్న ఉస్తాద్ నోటినుంచి ఒకటే మాట వచ్చేది: “పక్కోని మెడ పైలం.” పక్కవాడి మెడ జాగ్రత్త అని. ఆ మాట ఎంత మెల్లగా అన్నా గది మొత్తానికి వినిపించేది.

తాలీంలో రోజువారీ సాధన కుస్తీని జోర్ అనేవారు. జోర్‌లో గెలుపోటములు లేవు. పెద్దవారు చిన్నవారికి తమ ఒళ్లు ఇవ్వాలి; అది వారి బాధ్యత. నాకు ఎక్కువగా జోర్ ఇచ్చింది మార్కెట్‌లో మూటలు మోసే ఒక హమాలీ అన్న. నాకంటే రెండింతల బరువు, మెడ కింద మూటల రాపిడికి నల్లబడిన చర్మం. ఆయన తలచుకుంటే నన్ను ఒక్క చేత్తో గోడకు ఆనించగలడు. కాని నేను పట్టు సరిగ్గా వేస్తే ఆయన పడేవాడు. తప్పుగా వేస్తే కదిలేవాడు కాదు. నోటితో ఒక్క మాట చెప్పేవాడు కాదు. నా నడుము చాలినంత కిందికి దిగలేదనో, పాదం అతని పాదానికి దూరంగా ఉందనో ఆయన నిలబడిన తీరును బట్టే నేను తెలుసుకోవాలి. సరిగ్గా చేసిన రోజున ఆ భారీ మనిషి నా వీపు మీదుగా పోయి మట్టిలో పడి, లేచి, ఒళ్లు దులుపుకోకుండానే మళ్లీ వచ్చి నిలబడేవాడు. పొద్దంతా బస్తాలు మోయవలసిన మనిషి, తనకు ఏమీ కాని ఒక బడిపిలగాడి చేత పొద్దున్నే అన్నిసార్లు నేలకు కొట్టించుకున్నాడు. ఎందుకని అప్పుడు నేను అడగలేదు. ఆయనకు కూడా ఎవరో అలాగే ఇచ్చి ఉంటారు.

అందరూ ఖాశాబా జాధవ్ పతకం గురించి చెబుతారు. మా ఉస్తాద్ మాత్రం ఆ పతకం వెనకున్న ఇంటి గురించి చెప్పేవాడు. మహారాష్ట్రలోని గోలేశ్వర్ అనే పల్లెలో పుట్టిన జాధవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానంలో నిలిచి, 1952 హెల్సింకీలో కాంస్యం గెలిచాడు. స్వతంత్ర భారతదేశానికి ఒక వ్యక్తి తెచ్చిన తొలి ఒలింపిక్ పతకం అది. ఆ ప్రయాణానికి డబ్బులు చాలనప్పుడు, ఆయన చదివిన కొల్హాపూర్ రాజారాం కళాశాల ప్రిన్సిపాల్ తన ఇంటిని కుదువబెట్టి 7,000 రూపాయలు తెచ్చి ఇచ్చాడు. తర్వాత జాధవ్ పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాడు, 1984లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు, అర్జున అవార్డు ఆయన పోయిన చాలా ఏళ్లకు గాని రాలేదు. ఉస్తాద్ చెప్పే కథలో ఈ చివరి భాగం ఉండేది కాదు, ఉండే వీలు కూడా లేదు. కాని ఇల్లు కుదువబెట్టిన ఆ పెద్దమనిషి గురించి చెప్పేటప్పుడు ఆయన హమాలీ అన్న వైపు చూసేవాడు. నాకు అప్పట్లో ఆ చూపు అర్థం కాలేదు.

ఒక సంవత్సరం మా తాలీంకు బాగా బలమైన పిలగాడు ఒకడు వచ్చాడు. వయసుకు మించిన భుజాలు, మెరుపు వేగం. జోర్‌లో కూడా గెలవాలనే చూసేవాడు. ఒకనాడు తనకంటే బక్కపలచని వాడిని ఎత్తి, దించడం అనేది లేకుండా, నేలకు విసిరికొట్టాడు. కిందపడినవాడి భుజం కీలు జారింది. ఎముకలు సరిచేసే మనిషి వచ్చి కట్టు కట్టి పోయిన తర్వాత, వాడిని తాలీం నుంచి వెళ్లగొడతారని మేమందరం అనుకున్నాం. ఉస్తాద్ వెళ్లగొట్టలేదు. కట్టు విప్పిన నాటినుంచి ఆ భుజానికి నూనె మాలిష్ చేసే పని వాడికే అప్పగించాడు. రోజూ పొద్దున, అందరూ జోర్ పడుతుంటే, వాడు గోదా బయట కూర్చుని, తాను చెడగొట్టిన భుజాన్ని వేళ్లతో తడుముతూ, ఎక్కడ ముడిపడిందో, ఎక్కడ నొప్పి ఉందో కనుక్కుంటూ రుద్దాలి. వాడు మొదట ముఖం మాడ్చుకునే చేశాడు. చివరిదాకా కూడా ఇష్టంగా చేశాడని నేను చెప్పలేను. కాని మరుసటి వానాకాలం కొత్తగా చేరిన పిల్లలు జోర్‌కు ఎవరిని అడిగేవారో చూస్తే, వాడినే అడిగేవారు. వాడి చేతిలో పడితే దెబ్బ తగలదని పిల్లలకు ఎలాగో తెలిసిపోయింది.

ఎండాకాలం మొదట్లో, ఉగాదికి అటూ ఇటూగా, బోధన్, బాన్సువాడ, మద్నూర్ వైపు పల్లెల్లో జాతరలకు కుస్తీలు జరుగుతాయి. వరంగల్ నుంచి అక్కడికి పోవడమే మాకు ఒక పెద్ద యాత్ర. కరీంనగర్ మీదుగా నిజామాబాద్‌కు అప్పుడు రైలు లేదు. పెద్దపల్లి, నిజామాబాద్ లైను పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. ఎర్రబస్సులో కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటుకుంటూ పోవాలి. సద్దిమూటలు ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుకుంటూ పోయేవాళ్లం. ఉస్తాద్ మాత్రం బస్సెక్కగానే నిద్రపోయేవాడు.

ఊరి బయట ఖాళీ జాగాను దున్ని, మట్టి చదును చేసి, నీళ్లు చల్లితే అదే గోదా. చుట్టూ గుంపు, డప్పులు, చెట్ల మీద పిల్లలు. నాందేడ్, దెగ్లూర్, బీదర్ వైపు నుంచి వచ్చిన పహిల్వాన్లతో తెలుగూ మరాఠీ కన్నడమూ ఉర్దూ ఒకేచోట కలిసి వినిపించేవి. పందెం కొబ్బరికాయతో మొదలవుతుంది. చిన్నపిల్లల కుస్తీకి గెలిచినవాడికి కొబ్బరికాయ. తర్వాత పది రూపాయలు, యాభై, నూరు అంటూ పెరుగుతూ పోయి, చీకటి పడే వేళకు చివరి కుస్తీకి వెండి కడెం. పేర్ల జాబితా, తూకం యంత్రం లాంటివేమీ ఉండవు. ఊరి పెద్దలు కంటితోనే కొలిచి జోడీ కలుపుతారు. ఒకడి చెయ్యి పట్టుకుని గోదా చుట్టూ తిప్పుతారు, ఇతనికి సరితూగేవాడు ఎవరైనా ఉన్నారా అని. నీకు సరిపోతుందనిపిస్తే ముందుకు రావాలి. జోడీ సరిగా లేదనిపిస్తే తలూపి వెనక్కి పోవచ్చు, దానికి ఎవరూ నవ్వరు. పన్నెండేళ్ల వాడు అంతమంది ముందు ఎదుటివాడి ఛాతీనీ కాళ్లనూ నడకనూ చూసి, తన బలమెంతో తానే తూచుకుని, పోవాలో వద్దో అక్కడికక్కడే తేల్చుకోవాలి. తనను తాను ఎక్కువ అనుకున్నవాడూ తక్కువ అనుకున్నవాడూ ఇద్దరూ ఆ చుట్టులోనే బయటపడేవారు. తర్వాత ఎన్నో ఇంటర్వ్యూ గదుల్లో కూర్చున్నాను గాని, అంత నిజమైన పరీక్ష నాకు మళ్లీ ఎదురుకాలేదు.

నాకు కలిసిన జోడీ మంజీరకు అవతలి ఊరి నుంచి వచ్చిన మరాఠీ పిలగాడు. మట్టి చేతిలోకి తీసుకుని ఒకరికొకరం ఇచ్చుకుని, చేతులు కలిపాం. కుస్తీ ఎక్కువసేపు సాగలేదు. నేను కాలికి పోయాను, అతడు పక్కకు తప్పుకుని నడుము అందుకున్నాడు, ఢాక్ అనే పట్టు వేశాడు, ఆకాశం కనిపించింది. ఆ పడే క్షణంలో జరిగినది మాత్రం నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది: అతని కుడి అరచెయ్యి నా తల వెనక్కి వచ్చింది. నా వీపు నేలను తాకింది, తల అతని చేతి మీద ఆగింది. గుంపులో అది ఎవరికీ కనిపించి ఉండదు. డప్పులు మోగాయి, అతని చెయ్యి పైకెత్తారు, కొబ్బరికాయ ఇచ్చారు. అతడు దాన్ని అక్కడే రాతికి కొట్టి సగం నాకిచ్చి, మరాఠీలో ఏదో అన్నాడు. నాకు తెలియలేదు. నేను తెలుగులో ఏదో అన్నాను, అది అతనికి తెలిసి ఉండదు. వేపచెట్టు కింద కూర్చుని ఇద్దరం కొబ్బరి తిన్నాం. మంజీర అవతల కూడా ఒక తాలీం ఉంటుందనీ, అక్కడ కూడా గోదా అంచున కూర్చుని ఎవరో మరాఠీలో మెడ పైలం అని ఉంటారనీ నేను తిరుగు ప్రయాణంలో ఆలోచించుకుంటూ వచ్చాను. ఓడిపోయినందుకు ఏడవాలని గుర్తు రాలేదు. పెద్దనాయన అడిగితే ఓడిపోయానని చెప్పాను. ఎవరి చేతిలో అని అడిగాడు. మంచివాడి చేతిలో అని చెప్పాను.

తాలీంకు పోయిన ప్రతివాడూ మంచివాడయ్యాడని చెబితే అది అబద్ధం. మా ఊళ్లో ముద్దగట్టిన చెవులున్న మనిషిని చూస్తే దుకాణదారులు ముందే గల్లా పెట్టె మూసుకున్న రోజులు కూడా ఉన్నాయి. మాతో పెరిగినవారిలోనే కొందరు సారా కాంట్రాక్టర్ల వెంట తిరిగారు, ఇంకొందరు భూముల పంచాయతీల్లో బెదిరింపులకు పోయారు. వారికి బలం వచ్చింది గాని, దాన్ని అవసరమైనంతకు తగ్గించి వాడుకునే అలవాటు రాలేదు. నేను గమనించిన మేరకు వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలకు జోర్ ఇచ్చే వయసు రాకముందే తాలీం వదిలినవారు. అలాగని దీన్నొక సూత్రంగా పెట్టుకోలేం, ఎందుకంటే ఏళ్లకేళ్లు జోర్ ఇచ్చినవారిలోనూ ఒకరిద్దరు అటే పోయారు, వారి గురించి ఉస్తాద్ చివరిదాకా ఏమీ మాట్లాడలేదు.

ఆజంజాహి మిల్లు కొన్నేళ్లు కుంటుతూ నడిచి 2002లో పూర్తిగా మూతపడింది. మిల్లు పోతే మా తాలీం కూడా పోయింది. పొద్దున్నే వచ్చే మనుషులు బతుకుదెరువుకు భివండికీ సూరత్‌కూ పోయిన తర్వాత మట్టి తవ్వేవారు లేరు. ఆ జాగాలో ఇప్పుడు వరుసగా దుకాణాలున్నాయి.

ఇప్పటి పిల్లలు మ్యాట్ మీద కుస్తీ పడతారు. మట్టి పోయింది కాబట్టి కుస్తీ పోయిందని నిట్టూర్చే నా తోటివారితో నేను ఏకీభవించను. మ్యాట్ మీద రాళ్లు ఉండవు, అది చిన్న విషయమేమీ కాదు. తొమ్మిది మీటర్ల వ్యాసం గల వలయం, పెద్దలకు మూడేసి నిమిషాల రెండు భాగాలు, పదిహేనేళ్లలోపు వారికి రెండేసి నిమిషాలు. కింద పడేసి పట్టు సాధిస్తే రెండు పాయింట్లు, గొప్పగా విసిరితే నాలుగో ఐదో. ఈ లెక్కలన్నీ నాకు తర్వాత మా తమ్ముడి మనవరాలు నేర్పింది. నాకు నచ్చింది నిషేధాల భాగం. జుట్టు పట్టకూడదు, వేళ్లు విరచకూడదు, చేతిని వెనక్కి తొంభై డిగ్రీలకు మించి మెలిపెట్టకూడదు, తలా పాదాల మీద వంతెనగా నిలిచి వీపు కాపాడుకుంటున్నవాడిని ఎత్తి నేలకు కొట్టకూడదు, పదిహేనేళ్లలోపు పిల్లల మీద రెండు చేతులూ మెడ వెనక బిగించే డబుల్ నెల్సన్ వేయకూడదు. మా ఉస్తాద్ రెండు మాటల్లో చెప్పినది ఇక్కడ పేజీలకొద్దీ రాసి ఉంది, అంతే తేడా.

ఆ అమ్మాయికి పదమూడేళ్లు, బడి పోటీల్లో కుస్తీ పడుతుంది. మా కాలంలో ఆడపిల్ల తాలీం గడప దాకా వచ్చినా పెద్దలు తరిమేవారు. ఒలింపిక్స్‌లోనే మహిళల కుస్తీ 2004లో గాని రాలేదు. తనకు ఇష్టమైన పహిల్వాన్ సాక్షి మలిక్. 2016 రియోలో సాక్షి క్వార్టర్ ఫైనల్ ఓడిపోయింది. ఓడించిన రష్యా క్రీడాకారిణి ఫైనల్‌కు చేరడంతో రెపషాజ్ నియమం ప్రకారం సాక్షికి మరో అవకాశం వచ్చింది. కాంస్యం కోసం జరిగిన కుస్తీలో 0-5తో వెనకబడి 8-5తో గెలిచింది. ఈ కథ నాకు చెప్పేటప్పుడు మా అమ్మాయి సోఫా మీదికెక్కి ఆ చివరి పట్టు కూడా చూపిస్తుంది. నిన్ను ఓడించినవాడు ఎంత దూరం పోతాడన్నదాని మీద నీ అవకాశం ఆధారపడి ఉండటం నాకు చాలా బాగుంది. ఓడించినవాడు గెలవాలని ఓడినవాడు మనస్ఫూర్తిగా కోరుకునే ఏర్పాటు మరే ఆటలోనైనా ఇంత తేటగా ఉందేమో నాకు తెలియదు.

పోయిన ఏడు పోటీలకు ముందు ఆ పిల్ల రాత్రిళ్లు అన్నం మానేసిందని ఇంట్లో తెలిసింది. అడిగితే, “39 కిలోల్ల ఆడాలె తాతా, కిలో ఎక్కువున్న” అంది. నీళ్లు కూడా తగ్గించి తాగుతోంది. నాకు ఒళ్లు మండింది. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు కొద్ది వారాల వ్యవధిలో ఇలా తొందరగా బరువు తగ్గించుకోబోయి చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నియమాలు మారాయి. ముందురోజు తూగి, రాత్రికి రాత్రి తిని తాగి, మరునాడు గోదాకు దిగే పద్ధతిని ఆపడానికే 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో ఆడే రోజు పొద్దుననే తూచుతున్నారు. 2024 పారిస్‌లో ఫైనల్ రోజు పొద్దున వినేశ్ ఫోగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైనప్పుడు దేశమంతా గ్రాముల గురించి మాట్లాడింది; ఆ రాత్రి ఆమె ఒంటికి ఏం జరిగి ఉంటుందో మాట్లాడినవారు తక్కువ. నేను కోచ్ దగ్గరికి పోయి, ఎదిగే పిల్లను ఎండబెట్టి కుస్తీ పట్టించవద్దని, 42 కిలోల్లో ఆడించమని అడిగాను. కోచ్ వయసులో చిన్నవాడు, మంచివాడు, ఆయనకు కూడా అదే మనసులో ఉందట. పిల్లే వినడం లేదని చెప్పాడు. పక్కోని మెడే కాదు, తన ఒళ్లు కూడా తన చేతిలో అప్పుగా ఉన్నదేనని దానికి చెప్పడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టింది. 42లో ఆడి మొదటి రౌండ్‌లోనే ఓడింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చపాతీలు నాలుగు తిని, మళ్లీ సాధనకు పోయింది.

ఈ వానాకాలం నుంచి కోచ్ దానికి ఒక కొత్త పని ఇచ్చాడు. ఆరో తరగతి నుంచి చేరిన ఒక చిన్నపిల్లకు రోజూ అరగంట జోర్ ఇవ్వాలి. జోర్ అనే మాట కోచ్ అనలేదు, నేనే అంటున్నాను. ఆ పిల్ల భయస్థురాలు, కాలు పట్టడం రాక చేతికందింది పట్టుకుంటుంది. నిన్న సాయంత్రం మా అమ్మాయి బ్యాగు విసిరేసి వచ్చి నా పక్కన కూలబడి ఫిర్యాదు చేసింది.

“తాతా, అది నా జుట్టు పట్టి గుంజుతది.”

“చెప్పినవా?”

“చెప్పిన.”

“మరి?”

“మళ్ల గుంజింది.”

“మళ్ల చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలె తాతా?” అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా, జడ బిగించి కట్టే కొత్త రబ్బరు బ్యాండ్లు రేపు పొద్దునకల్లా కావాలని, చౌరస్తాకు పోయి తెమ్మని నన్ను లేపింది.